మెరక చేసిన పెరట్లో ఏ మొక్కలు నాటాలి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. మావారి ఉద్యోగ విరమణ తరువాత అత్తగారి పాత ఇంటికి వచ్చి స్థిరపడ్డాం. ఇంటి వెనక సుమారు నాలుగు సెంట్ల పెరడు, అందులో రెండు కొబ్బరి చెట్లు ఉన్నాయి. రోడ్డు ఎత్తు పెరగడంతో కిందటి వేసవిలో పెరడంతా అడుగున్నర మెరక చేయించాం. ఆషాఢంలో కడియం వెళ్లి ముప్పై మొక్కలు తెచ్చి నాటాం. మల్లె, జాజి, కనకాంబరం, మందారం, నందివర్ధనం, నూరు వరహాలు, పచ్చ గన్నేరు, కరివేపాకు, తులసి, కలబంద, వామాకు, మరువం, పుదీన. కోడలు ముచ్చటపడి లావెండర్, రోజ్‌మేరీ కూడా తీసుకుంది. వాడినట్టు కనిపించినప్పుడల్లా నీళ్లు పోస్తూనే ఉన్నాను. కార్తీకం వచ్చేసరికి పదకొండు మిగిలాయి. గోడ వారన నందివర్ధనాలు, నూరు వరహాలు, గేటు దగ్గర గన్నేర్లు, కుళాయి కింద పుదీన, అంతే. ఇప్పుడు అత్తగారు నాటిన పారిజాతం కూడా ఆకు రాలుస్తోంది. మళ్లీ మొక్కలు కొనాలంటే భయంగా ఉంది. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది. వంటకూ చిన్న చిన్న నలతలకూ పనికొచ్చే మూలికలు, పూజకు పూలు కావాలి. ఏవి నాటమంటారు? – ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు మొక్కల పేర్ల దగ్గర కాదు, "అడుగున్నర మెరక చేయించాం" అన్న దగ్గర. మీ పంతొమ్మిది మొక్కలు ఎందుకు పోయాయో ఆ మాటలోనే ఉంది. పారిజాతం ఎందుకు ఆకు రాలుస్తోందో కూడా అందులోనే ఉంది. పారిజాతం సంగతి చివర వివరంగా చెబుతాను. కానీ ఈ ఉత్తరం చదవగానే ముందు దాని మొదట్లో నీళ్లు పోయడం మానేయండి.

మెరక మట్టి ఎక్కడిదో మీరు రాయలేదు. మన వైపు ట్రాక్టర్లతో వచ్చే మట్టి చాలావరకు చేపల చెరువో రొయ్యల చెరువో తవ్వగా వచ్చిన నల్ల బంకమట్టి. దాన్ని పోసి, దాని మీదే ట్రాక్టరును అటూ ఇటూ తిప్పి చదును చేస్తారు. పెరడు ఎత్తు పెంచడానికి అది సరిపోతుంది. మొక్క వేరుకు మాత్రం అది సిమెంటు గచ్చుతో సమానం. పైన పడిన వాన కిందికి దిగదు, గాలి లోపలికి వెళ్లదు. పైగా మనది డెల్టా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన ఊళ్ల చుట్టూ కాలువలే. వానాకాలంలో రెండు మూడు అడుగులు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. పైనా నీరే, కిందా నీరే. మధ్యలో వేరుకు ఊపిరి అందదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. నీరు ఎక్కువై వేరు కుళ్లిన మొక్క, నీరు అందక ఎండిన మొక్క పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటికీ ఆకులు వేలాడతాయి, అంచులు మాడతాయి. వేరు కుళ్లాక చుట్టూ ఎంత నీరున్నా మొక్క తాగలేదు. వాడింది కదా అని మనం ఇంకో చెంబు పోస్తాం. మీరు ప్రేమతోనే పోశారు, తెలుసు. ఇక నుంచి నీళ్లు పోసే ముందు చూపుడు వేలు మట్టిలో రెండు కణుపుల లోతు దింపి చూడండి. తడి తగిలితే ఆ పూట నీళ్లు వద్దు.

నర్సరీ వారిని కూడా అనుమానించకండి. కడియం మొక్కలు బలమైనవే. వాళ్లు సంచుల్లో నింపేది ఎర్రమట్టి, అది గుల్లగా ఉంటుంది. ఆ ఎర్రమట్టి ముద్దను అలాగే తెచ్చి నల్ల బంకమట్టి గోతిలో దించితే ఏమవుతుంది? గుల్లగా ఉన్న ముద్దలోకి నీరు గబగబా దిగుతుంది, చుట్టూ ఉన్న బంకమట్టి దాన్ని బయటికి పోనివ్వదు. గోయి కాస్తా కుండ అవుతుంది. చనిపోయిన మల్లె మొక్క ఒకటి ఇంకా పీకకుండా ఉంటే మెల్లగా పైకి లాగి చూడండి. ఆషాఢంలో నాటిన మొక్క, ఈపాటికి వేళ్లు నాలుగు వైపులా పాకి ఉండాలి. కానీ ముద్ద సంచి ఆకారంలోనే వస్తుంది. చేత్తో పిండితే నీరు కారుతుంది, మురుగు వాసన కొడుతుంది, వేళ్ల మీది తొక్క గోధుమ రంగు తొడుగులా ఊడి చేతికి వస్తుంది. ఇలాంటి ముద్దలను నేను ఎన్నో పెరళ్లలో చూశాను.

బతికినవి ఎక్కడ బతికాయో చూడండి. గోడ వారన పునాది తవ్వినప్పుడు పడిన ఇసుక, ఇటుక ముక్కలు ఉంటాయి, నీరు దిగుతుంది. అందుకే నందివర్ధనం, నూరు వరహాలు నిలిచాయి. పుదీనకు తడి ఇష్టం, అందుకే కుళాయి కింద నిలిచింది.

కాబట్టి మొక్కలు కొనే ముందు ఒక పని చేయండి. పెరట్లో మూడు నాలుగు చోట్ల అడుగున్నర లోతు గోతులు తీయించండి. సాయంత్రం నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మర్నాడు మళ్లీ నింపి, ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టి గంట తరువాత చూడండి. అంగుళం పైన దిగితే అక్కడ ఏదైనా నాటవచ్చు. మొదటి రోజు పోసిన నీళ్లే తెల్లారేసరికి అలాగే నిలిచి ఉంటే అక్కడ నేలలో గోయి తీసి నాటడం అనే మాటే వద్దు. గోతిలోంచి తీసిన మట్టి ఎండాక దాని మీద తెల్లని పొడి ఉప్పులా పేరుకుంటే, మట్టి ఉప్పునీటి చెరువులోంచి వచ్చిందన్నమాట. అలాంటప్పుడు చేతిలో సగం కిలో మట్టి పట్టుకుని మట్టి పరీక్ష చేసే చోటికి వెళ్లండి, లవణాలు ఎంత ఉన్నాయో చెబుతారు. ఉప్పు ఉన్నా కంగారు అక్కరలేదు. పెరటి చుట్టూ మురుగు పోయే దారి తీసి ఉంచితే ఒకటి రెండు వానాకాలాల్లో మంచినీటి వాన చాలా వరకు కడిగేస్తుంది. నీరు బయటికి పోయే దారి లేకపోతే మాత్రం ఎన్ని వానలు కురిసినా ఉప్పు అక్కడే ఉంటుంది.

నీరు దిగని చోట గోయికి బదులు దిబ్బ వేయాలి. అడుగున్నర ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, పొడవు మీ ఇష్టం. గోదావరి లంకల వైపు నుంచి వచ్చే ఇసుక కలిసిన ఒండ్రు రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, పాత కొబ్బరి పొట్టు ఒక పాలు. దిబ్బ పోసే ముందు అడుగున ఉన్న బంకమట్టిని గునపంతో గుచ్చి కదిలించండి. లేకపోతే దిబ్బ పైన వేరు బాగానే పెరిగి, అడుగుకు చేరగానే ఆగిపోతుంది. మొక్కను సంచి నుంచి తీశాక ఎర్రమట్టి ముద్ద అంచులను వేళ్లతో రాల్చి, గుండ్రంగా చుట్టుకున్న వేళ్లు ఉంటే విప్పి, అప్పుడు నాటండి.

కొబ్బరి పొట్టు గురించి ఒక హెచ్చరిక చేయాలి. పాతది అన్నాను, ఆ మాట మరచిపోవద్దు. ఒక ఏడాది నేను పీచు మిల్లు నుంచి అప్పుడే వచ్చిన పచ్చి పొట్టు బస్తాలు తెచ్చి మల్లె దిబ్బల్లో కలిపాను. పన్నెండు మొక్కలు. నెల తిరిగేలోగా ఆకుల కొసలు మాడి, ఒక్కటీ మిగలలేదు. పచ్చి పొట్టులో ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. కుప్ప పోసి ఒక వానాకాలం తడవనివ్వాలి, లేదా గోనె సంచిలో కట్టి మంచినీటిలో మూడు నాలుగు సార్లు నానబెట్టి పిండాలి. పిండిన నీరు టీ డికాక్షన్ రంగు నుంచి పలచబడే వరకు ఆ పని చేయాలి. ఆ పన్నెండు మల్లెలు మా అమ్మ అంటు కట్టినవి. అందుకే ఈ మాట అడిగిన ప్రతివారికీ చెబుతాను.

ఇప్పుడు మూలికల దగ్గరికి వద్దాం.

నీరు నిలిచే మూల మీ పెరట్లో తప్పకుండా ఒకటి ఉంటుంది. దాన్ని పూడ్చాలని చూడకండి. తడి కోరే మూలికలు మనకు చాలా ఉన్నాయి, అవి ఎత్తు నేలల వారికి దొరకని భాగ్యం. సరస్వతి ఆకు కొబ్బరి తోటల్లో, గట్ల మీద దానంతట అదే పాకుతుంది. గుండ్రటి ఆకు, తొడిమ దగ్గర చీలిక, విసనకర్రలా విచ్చుకున్న ఈనెలు, కణుపు కణుపుకీ వేరు. నాలుగు కణుపులు తెచ్చి అదిమితే చాలు. పచ్చడికి బాగుంటుంది. నీటి సాంబ్రాణి మొక్క వేరే. దానిది చిన్న దళసరి ఆకు, లేత ఊదా కలిసిన తెల్లపువ్వు. రెండింటినీ బ్రాహ్మి అంటారు కాబట్టి కొనేటప్పుడు ఆకు చూసి కొనండి, పేరు విని కాదు. రెండూ తడి మూలలో పక్కపక్కనే పెరుగుతాయి. వాటి వెనక వస, వట్టివేరు వేయండి. పొన్నగంటి కూర చెప్పే పనిలేదు, మీరు వద్దన్నా వస్తుంది. రంగు కావాలంటే అక్కడే మెట్టతామర నాటండి, ఎర్రగా పసుపుగా ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. ఒక్క జాగ్రత్త: తినే ఆకు మీ పెరట్లో పెరిగినదే కోయండి. చేల గట్ల మీది ఆకు మీద పురుగు మందు, మురుగు కాలువ గట్టు ఆకు మీద ఊరి మురుగు ఉంటాయి.

దిబ్బ మీద మొదటి స్థానం కరివేపాకుది. ఇంటికి ఒక్కటి చాలు, కానీ ఎండ పడే చోట ఉండాలి. మొదటి రెండేళ్లు అది అసలు పెరుగుతోందా అనిపిస్తుంది. ఓపిక పట్టండి. నడుము ఎత్తుకు వచ్చాక తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. పూత, కాయ కనిపిస్తే గిల్లేయండి, ఆకు మీద బలం నిలుస్తుంది. పుల్లటి మజ్జిగ పోయడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. పలచగా చేసి పదిహేను రోజులకొకసారి పోస్తే హాని లేదు. నీరు నిలిచిన చోట మాత్రం ఎంత మజ్జిగ పోసినా ఫలితం ఉండదు. ఎప్పుడైనా ఆకు మీద పిట్ట రెట్ట వేసినట్టు నలుపు తెలుపు మచ్చ కనిపిస్తే మీ మనవరాలిని పిలవండి. ఒకటి రెండు నిమిషాలు కదలకుండా చూస్తే ఆ రెట్ట నడుస్తుంది. అది సీతాకోకచిలుక పిల్లపురుగు. పిట్టలు తినకుండా ఆ వేషం. కొద్ది రోజుల్లో ఆకుపచ్చగా మారి లేత మొక్కనైతే రాత్రికి రాత్రే మోడు చేస్తుంది. మొక్క చిన్నదైతే పురుగుల్ని తీసి పక్కింటి పెద్ద నిమ్మ చెట్టు మీద వదలండి. పెద్దదైతే నాలుగు రెమ్మలు వాటికీ ఇవ్వవచ్చు.

తులసి చాలామంది ఇళ్లలో సరిగ్గా ఈ నెలలోనే పోతుంది. క్షీరాబ్ది ద్వాదశి నాడు కోటలో పాలు పోస్తాం, దీపం మొదలుకు ఆనించి పెడతాం, నూనె ఒలుకుతుంది, పసుపు కుంకుమ పేరుకుంటాయి. పాలు అక్కడే పులుస్తాయి, దీపం సెగకు కాండం బెరడు మాడుతుంది. దీపాన్ని కోట అంచున పెట్టండి, పాలు చెంచాతో నివేదించి పక్కన పోయండి. కోట అడుగున నీరు పోయే కన్నం ఉందో లేదో చూడండి. కొత్తగా కట్టే కోటల్లో చాలాసార్లు అది ఉండదు. వెన్నులు రాగానే గిల్లుతూ ఉంటే మొక్క గుబురుగా ఉంటుంది. ఎంత బాగా చూసినా రెండు మూడేళ్లకు కాండం ముదిరి చేవ తగ్గుతుంది. ఎండిన వెన్నులు నలిపి గింజలు చల్లి పక్కన నాలుగు నారు మొక్కలు సిద్ధంగా ఉంచుకోండి.

వామాకు నేలలో వద్దు. అది కండ ఆకు, తడి నేలలో కుళ్లుతుంది. అరుగు మీద కుండీలో పెట్టండి, కొమ్మ విరిచి గుచ్చితే వారం పది రోజుల్లో వేరు పడుతుంది. మనం వాడే వాము గింజ ఈ మొక్కది కాదు, వాసన ఒకటే. బజ్జీలకు, పిల్లలకు జలుబు చేసినప్పుడు రసానికి పనికొస్తుంది. కలబంద కూడా ఆ అరుగు మీదే, వాన నేరుగా పడని చోట. ఈ రెండూ మీ పెరట్లో చనిపోవడంలో వింత లేదు.

కొత్తిమీరకు, మరువానికి, దవనానికి ఇదే కాలం. ధనియాలను చెప్పు కింద నలిపి రెండు బద్దలు చేసి చల్లండి, పది రోజుల్లో మొలుస్తాయి. శివరాత్రి దాటాక ఎండ ముదిరితే పూతకు పోతుంది. మరువం, దవనం చలికాలపు మొక్కలు. ఆషాఢంలో నాటిన మరువం మన వానల్లో నిలవదు. ఇప్పుడు కుండీలో నాటి మాఘమంతా మాలల్లో కట్టుకోండి, చాలు. లావెండర్, రోజ్‌మేరీ పొడి గాలి, గులకరాళ్ల నేల కోరే మొక్కలు. మన ఉక్కపోతలో వాటిని పెట్టి బాధపడవద్దని కోడలికి నచ్చచెప్పండి. ఆకు నలిపితే వేళ్లకు వాసన అంటాలన్నదే ఆమె కోరిక అయితే దవనం రెమ్మ ఒకటి చేతికివ్వండి. నిమ్మగడ్డి ఒక దుబ్బు కూడా వేయించండి, అది మన నేలలో హాయిగా పెరుగుతుంది, టీలో వేసుకోవచ్చు.

నలతలకు మూలికలు అన్నారు కాబట్టి ఒక మాట. తులసి, వామాకు, అల్లం, పసుపు వంటింటి వస్తువులు, వాటితో చిక్కు లేదు. తిప్పతీగ, నేలవేము, బిళ్ళగన్నేరు ఆ కోవలోవి కావు. బిళ్ళగన్నేరు నుంచి క్యాన్సర్ మందులు తీస్తారు. అంటే అది ఎంత బలమైన మొక్కో ఆలోచించండి. షుగరు తగ్గుతుందని పరగడుపున దాని ఆకులు నమిలేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, ఇంటికి వచ్చినవారికీ చెప్పకండి. తిప్పతీగ కషాయం రోజుల తరబడి తాగి కాలేయం దెబ్బతిన్నవారి గురించి వైద్యులు రాశారు. జ్వరం మూడో రోజుకు తగ్గకపోతే డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇంక గేటు దగ్గరి పచ్చ గన్నేర్లు. పూజకు మంచి పూలే, ఏ నేలలోనైనా బతుకుతాయి, నాకు తెలుసు. కానీ నాలుగేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో అవి ఉండకూడదు. పాలు, ఆకు, అన్నింటికంటే కాయలోని గింజ విషం. ఆ గింజ గుండె కొట్టుకునే తీరును తప్పిస్తుంది. కాయ నున్నగా ఆకుపచ్చగా ఉండి ఆటలకు బాగుంటుంది కాబట్టి పిల్లలు ఏరుకుంటారు. ఈ వారమే మొదలంటా తీయించండి. కొట్టిన కొమ్మలు పొయ్యిలో పెట్టకూడదు, పొగ కూడా మంచిది కాదు. పశువులు తిరిగే చోట పారేయకూడదు, రెండు రెమ్మలు తిన్నా గేదె దక్కదు. లోతుగా గోయి తీసి పాతిపెట్టండి. ఎర్ర గన్నేరుకూ, ఉమ్మెత్తకూ ఇదే మాట. ఆ స్థలంలో ఒంటి రేకు ఎర్ర మందారం నాటండి. నర్సరీలో రంగురంగుల పెద్ద పూల మందారాలు మీ కళ్లను లాగుతాయి, కానీ మన నాటు ఎర్ర మందారానికి ఉన్న ఓర్పు వాటికి లేదు. దానికి పిండినల్లి పట్టడం ఖాయం. కొసలు ముడుచుకుని తెల్లని దూదిలా కనిపించగానే ఆ కొసను కత్తిరించి సబ్బు నీటిలో ముంచండి. మిగతా మొక్క మీద లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి సాయంత్రం చల్లండి. చీమలు ఎక్కుతుంటే వాటి దారి కూడా ఆపాలి, పిండినల్లిని కొమ్మ నుంచి కొమ్మకు మోసేది అవే.

మల్లె మళ్లీ వేయండి. గోదావరి జిల్లాల్లో పెరడు అన్నాక చైత్రంలో మల్లె లేకపోతే నాకు మనసు ఒప్పదు. ఆరు గంటల ఎండ, ఎత్తయిన దిబ్బ, ఉప్పు లేని నీరు, ఈ మూడూ దానికి తప్పనిసరి. రెండు మొక్కలతో మొదలుపెట్టండి. ఈ ఏడాది ఏమీ కత్తిరించకండి, వేరు పట్టనివ్వండి. వచ్చే ఏడాది మార్గశిరంలో రెండు మూడు వారాలు నీళ్లు మాన్పించి, పుష్యమాసంలో నేల నుంచి అడుగున్నర ఎత్తున కొమ్మలు కోసేసి, మిగిలిన ఆకంతా దూసేయండి. మోడు చూసి ఇంట్లోవాళ్లు గొడవ చేస్తారు, చేయనివ్వండి. మొదట్లో తవ్వి ఎరువు వేసి నీరు పెట్టగానే ఎర్రటి చిగుళ్లు కణుపు కణుపుకీ లేస్తాయి, ఆ చిగురు కొసనే మొగ్గ. కత్తిరించని మల్లె ఆకే పెంచుతుంది. ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం, మన నల్లమట్టిలో ఇది మామూలు. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరు నీటికి 5 గ్రాములు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు ఆకుల మీద చల్లండి. మీ నూరు వరహాలకు కూడా ఇది పనికొస్తుంది.

కొబ్బరి నీడ పడే చోటు కనకాంబరానిది. కొద్ది నీడ ఉంటే దాని రంగు నిలుస్తుంది. దాని వేళ్లకు నులిపురుగు బెడద ఎక్కువ కాబట్టి మధ్య మధ్య బంతి వేయండి, బంతి వేళ్లున్న చోట ఆ పురుగు తగ్గుతుంది. ఎండిన కనకాంబరం కాయ ఒకటి మనవరాలి అరచేతిలో పెట్టి తడి వేలు తగిలించండి. టప్పున పేలి గింజలు విసురుతుంది. ఆ గింజలతోనే వచ్చే ఏడు నారు పోసుకోవచ్చు.

అయితే ఆ కొబ్బరి చెట్లను ఒకసారి తలెత్తి చూడండి. ఆకు అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా పొడి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. 2016 నుంచి మన తోటలను పట్టి ఉంది. దాని నుంచి కారే తీపి జిగురు కింద ఉన్న కరివేపాకు, కనకాంబరాల మీద పడి మసి పట్టినట్టు నల్లబడతాయి. అది చూసి కింది మొక్కలకు పురుగు మందులు కొట్టకండి. జబ్బు పైన ఉంది. పైగా ఆ దోమను తినే మేలు పురుగులు చచ్చిపోతాయి. పలచని గంజి చల్లితే ఎండాక మసి పొరలా ఊడిపోతుంది. కొబ్బరి కోసం అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారిని అడగండి, మీకు దగ్గరే.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు బోరు నీరు ఉప్పబారితే మల్లెకు, కరివేపాకుకు మాత్రం మంచినీరు దాచి పోయండి. మిగతావాటి మొదళ్లలో కొబ్బరి డొక్కలు, ఎండాకు కప్పితే రోహిణి కార్తె దాటుతాయి. గోరింట, కాగితం పూలు కొంత ఉప్పునూ ఓర్చుకుంటాయి. గోరింట ఒకటి కంచె పక్కన వేయండి, ఆషాఢంలో ఇంటిల్లిపాదికీ పని ఉంటుంది.

ఇప్పుడు పారిజాతం. ఈ చెట్టు కార్తీకంలో పూలు రాల్చాలి, ఆకు కాదు. మెరక పోసినప్పుడు దాని మొదలు అడుగున్నర మట్టిలో కూరుకుపోయింది. పైపైన ఊపిరి తీసుకునే వేళ్ల మీద బంకమట్టి పడింది, గాలిలో ఉండవలసిన బెరడు తడిలో ఉంది. ఇన్నాళ్లూ ఓర్చుకుంది, ఇప్పుడు ఓర్చుకోలేకపోతోంది. ఒక కొమ్మ కొసను గోటితో గీరండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. మొదలు దగ్గరి నుంచి మూడు అడుగుల దూరం వరకు గుండ్రంగా, పాత నేల మట్టం కనిపించే దాకా మెరక మట్టి తీయించండి. మొదలు దగ్గర పార వాడవద్దు, చేత్తోనో చిన్న బొరిగెతోనో తీయాలి. పాత మట్టం ఎలా తెలుస్తుందంటే అక్కడ మట్టి రంగు మారుతుంది, పాత ఎండాకులు, వేళ్ల భుజాలు కనిపిస్తాయి. బయటపడిన బెరడు గట్టిగా ఉంటే గాలికి వదిలేయండి. మెత్తబడి ఊడుతుంటే ఆ మేరకు కత్తితో గీసి, ఆరాక బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు, లీటరు నీరు, కలపడానికి ప్లాస్టిక్ పాత్ర. గోతి అంచు కూలకుండా సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చండి, ఒక పక్క నుంచి పిల్ల కాలువ తీసి నీరు బయటికి పోనివ్వండి. ఎరువు ఏమీ వద్దు. ఎండిన కొమ్మలు మాత్రం కోసేయండి.

ఈలోగా చెట్టు మీద, చెట్టు కింద వెతకండి. రూపాయి బిళ్లల్లాంటి చదును కాయలు గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. ఒక్కో కాయలో రెండు గింజలు ఉంటాయి. ఒక పదిహేను కాయలు ఏరి, నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో కట్టి దాచండి. మృగశిర కార్తెలో వాటిని సంచుల్లో పోసుకోండి. పెద్ద చెట్టు కోలుకుంటే మొక్కలు ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు. కోలుకోకపోతే మీ అత్తగారి చెట్టు పిల్లే మళ్లీ మీ పెరట్లో ఉంటుంది. గోటితో గీరినప్పుడు కొమ్మ ఏ రంగులో కనిపించిందో నాకు రాయండి.